2025 వార్షిక నివేదిక: పరిశోధక విద్యార్థులు, మార్చి ప్రదర్శన, తర్వాత జరిగినవి

మన బెర్లిన్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. బతుకమ్మకు హాలు సరిపోలేదు, వచ్చే ఏడాది పెద్దది చూడాలి. పిల్లల తెలుగు బడికి ఇంకో తరగతి కలిసింది. ఫోటోలు గ్రూపులో ఉన్నాయి, లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు. పండగల గురించి ఇంతకంటే రాయను. సంఘంలో ఈ ఏడాది ఎక్కువ వాదన జరిగిందీ, కమిటీ ఎక్కువ సమయం పెట్టిందీ పరిశోధక విద్యార్థుల విషయం మీదే కాబట్టి, నివేదిక కూడా దాని గురించే.

జర్మనీలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లే అందరికంటే ఎక్కువ. 2024-25 శీతాకాల సెమిస్టర్ నాటికి భారతీయ విద్యార్థులు దాదాపు 59 వేలు. మన బెర్లిన్‌లో ఏ యూనివర్సిటీ క్యాంటీన్‌కి వెళ్లినా తెలుగు వినబడుతోంది. మాస్టర్స్‌కి వచ్చినవాళ్ల టెన్షన్ ఇల్లు, పార్ట్‌టైం జాబ్. పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసేవాళ్లది వేరు. వాళ్ల జీతం, వాళ్ల డిగ్రీ, పేపర్ మీద వాళ్ల పేరు ఎన్నో స్థానంలో ఉండాలన్నది, రేపు ఇంకో ఉద్యోగానికి కావాల్సిన సిఫార్సు లేఖ, అన్నీ ఒకే ప్రొఫెసర్ చేతిలో ఉంటాయి. కాంట్రాక్ట్ పొడిగిస్తేనే వీసా పొడిగింపు. అంటే వీసా ఆఫీసు కూడా ఒక రకంగా ఆ ల్యాబ్‌లోనే ఉన్నట్టు. ఇక్కడి పిల్లలకు కూడా ఈ కాంట్రాక్టుల బాధ ఉంది. 2007 చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలిక కాంట్రాక్టుల మీదే ఉంచవచ్చు. ఈ చట్టాన్ని సమర్థిస్తూ ప్రభుత్వం తీసిన వీడియోలోని కల్పిత పరిశోధకురాలి పేరు హన్నా. 2021లో ‘నేనే హన్నా’ అంటూ వేలమంది దీని మీద గొంతెత్తారు. ఆ వెంటనే ‘నేనే రేహాన్’ అని ఇంకో పిలుపు వచ్చింది. వలస కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు హన్నాకున్న కష్టాలతో పాటు పేరు, రంగు, యాస తెచ్చే కష్టాలు కూడా ఉన్నాయని చెప్పడానికి.

మనవాళ్ల దగ్గరకు వస్తే, కొందరికి 2015 గుర్తుండే ఉంటుంది. లైప్‌జిగ్‌లో ఒక ప్రొఫెసర్, ఇంటర్న్‌షిప్ అడిగిన భారతీయ విద్యార్థికి, మీ దేశంలో అత్యాచారాల సమస్య ఉంది కాబట్టి మగ విద్యార్థులను తీసుకోను అని జవాబిచ్చారు. అప్పటి భారతదేశంలోని జర్మన్ రాయబారి బహిరంగ లేఖ రాసి మందలించాక ఆమె క్షమాపణ చెప్పారు. అది ఈమెయిల్‌లో రాసి ఉంది కాబట్టి బయటపడింది. రాతలో దొరకనివే ఎక్కువ.

ఈ ఏడాది మార్చిలో జర్మన్ మీడియా, ఇక్కడి పేరున్న పరిశోధన సంస్థలైన మాక్స్ ప్లాంక్ సంస్థల్లో యువ పరిశోధకులు ఎదుర్కొన్న వేధింపుల మీద పెద్ద కథనం తెచ్చింది. విలేకరులు ముప్పై మందికి పైగా పరిశోధకులతో మాట్లాడారు, వారిలో చాలామంది విదేశాల నుంచి వచ్చినవాళ్లు. ఆ కథనం మన గ్రూపులో పడిన రాత్రే నాకు ముగ్గురు వేర్వేరుగా మెసేజ్ చేశారు. ముగ్గురిదీ ఒకే మాట: ‘అన్నా, మా ల్యాబ్‌లో కూడా ఇంతే. నా పేరు మాత్రం చెప్పొద్దు.’

అంతకు కొన్నాళ్ల ముందు ఖమ్మం నుంచి ఒక తల్లి మన ఉపాధ్యక్షురాలికి ఫోన్ చేశారు. ‘అమ్మాయి బాగానే ఉన్నానంటుందమ్మా, గొంతు మాత్రం బాగా లేదు. మీరొకసారి వెళ్లి చూసి రారా?’ అన్నారు. వెళ్తే తెలిసింది, ఆ అమ్మాయి నెలల తరబడి సరిగా నిద్రపోవడం లేదని. గ్రూప్ మీటింగుల్లో ఆమె ఇంగ్లీషు యాసను అందరి ముందూ అనుకరించడం, తప్పు వస్తే ‘మీ దేశంలో ఇలాగే చేస్తారా?’ అనడం, శని ఆదివారాల్లో ప్రయోగాల ఎలుకలుండే గదికి వెళ్లే పని ఎప్పుడూ ఆసియా పిల్లలకే వేయడం. ఏ ఒక్కటీ విడిగా చూస్తే ఫిర్యాదు చేసేంత పెద్దదిగా కనబడదు. అందుకే ఆమె కూడా చెప్పలేదు.

ఈ నేపథ్యంలో, మార్చి 21 జాతి వివక్ష నిర్మూలన దినం సందర్భంగా కొన్ని అంతర్జాతీయ విద్యార్థి బృందాలు 22వ తేదీ శనివారం పెట్టిన ప్రదర్శనలో మన సంఘం పాల్గొనాలా అన్న ప్రశ్న కమిటీ ముందుకొచ్చింది. ఇక్కడ వాదన దాచను. మన పెద్దల్లో ఒకరు, ‘పిల్లలు చదువుకోవడానికొచ్చారు, ధర్నాలకి కాదు. రేపు వాళ్ల వీసాకి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?’ అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. జర్మన్ రాజ్యాంగం ఎనిమిదో అధికరణం సభ జరుపుకునే హక్కును ‘జర్మన్లందరికీ’ అని రాసింది. అయితే బెర్లిన్ సభల చట్టం ఆ హక్కును అందరికీ ఇస్తుంది, పాస్‌పోర్ట్ ఏదన్నది అడగదు. ప్రదర్శన గురించి ప్రకటించడానికి 48 గంటల ముందు పోలీసులకు తెలపాలి, నిర్వాహకులు ఆ పని చేశారు. ఇంకొకరి సందేహం మన పన్ను మినహాయింపు గురించి. అటాక్ అనే సంస్థ విషయంలో, రాజకీయ ప్రచారం ప్రజాప్రయోజనం కిందకు రాదని 2019లో కేంద్ర పన్నుల కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇక్కడి సంఘాలన్నిటికీ ఈ బెంగ ఉంది. మన నియమావళిలో విద్యార్థుల సహాయం ఒక లక్ష్యంగా రాసి ఉందని, పార్టీ జెండాల జోలికి పోనంతవరకు ఇబ్బంది లేదని పన్ను సలహాదారు చెప్పారు. ఓటింగ్‌లో ప్రతిపాదన గట్టెక్కింది, కానీ సునాయాసంగా కాదు.

బేబెల్‌ప్లాట్జ్‌లో కలిశాం. 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టిన చోటు అది. మన బ్యానర్ తెలుగులోనూ జర్మన్‌లోనూ రాశాం. తెలుగు అక్షరాలు చూసి ఫోటోలు తీసుకున్నవాళ్లు చాలామంది, అర్థం అడిగినవాళ్లు తక్కువ. మన పిల్లల్లో కొందరు మాస్కులు పెట్టుకొచ్చారు. జలుబుకి కాదు, ల్యాబ్‌లో ఎవరైనా ఫోటోలో గుర్తుపడతారని. మైకు దగ్గరకు ఎవరూ వెళ్లలేదు. చివరికి వాళ్లు రాసిచ్చిన కాగితాలను మన తెలుగు బడి టీచర్ గారు చదివారు. ఎవరి పేరూ లేదు, ఏ సంస్థ పేరూ లేదు. ప్రదర్శనకు వద్దన్న పెద్దాయన కూడా వచ్చారని, పులిహోర గిన్నె ఆయన కారులోనే వచ్చిందని ఇక్కడ రికార్డు చేస్తున్నాను.

ప్రదర్శన వల్ల ఏం ఒరిగింది అని సర్వసభ్య సమావేశంలో అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. ఏ ప్రొఫెసర్ మీదా చర్య రాలేదు. కానీ ఆ శనివారం తర్వాతే మనవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకే ల్యాబ్‌లో రెండేళ్ల తేడాతో పనిచేసిన ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరికీ అదే జరిగిందని అక్కడ నిలబడి తెలుసుకున్నారు. విడివిడిగా ఉన్నంతకాలం ఇద్దరూ లోపం తమలోనే ఉందనుకున్నారు. నా దృష్టిలో సంఘం చేయగలిగిన పని ఇదే: ఇద్దరిని ఒకచోట నిలబెట్టడం. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ తర్వాత వాళ్ల ఇష్టం.

ఏప్రిల్ నుంచి నెలకోసారి సలహా సాయంత్రాలు పెడుతున్నాం. అక్కడ తేలిన ముఖ్యమైన విషయాలు అందరికీ పనికొస్తాయి. ఉద్యోగ కాంట్రాక్ట్ ఉన్న పరిశోధకులకు వివక్షను నిషేధించే 2006 సమాన వ్యవహార చట్టం వర్తిస్తుంది. కానీ పరిహారం అడగాలంటే రెండు నెలల్లోపు రాతపూర్వకంగా అడగాలి. ఈ రెండు నెలల గడువు మనవాళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు, తెలిసేసరికి దాటిపోతోంది. స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లు ఉద్యోగులు కారు, అందువల్ల ఆ చట్టం కింద వాళ్ల పరిస్థితి బలహీనం. బెర్లిన్‌లో మాత్రం 2020 నుంచి రాష్ట్ర వివక్ష వ్యతిరేక చట్టం ఉంది. ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి జర్మన్ రాష్ట్రం ఇదే. రాష్ట్ర యూనివర్సిటీల్లోని విద్యార్థులకూ అది వర్తిస్తుంది, ఫిర్యాదులు విని, డబ్బులు తీసుకోకుండా సహాయపడే అంబుడ్స్ కార్యాలయం కూడా ఉంది. కానీ అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. ఊళ్లోని పరిశోధన సంస్థలన్నీ దాని కిందకు రావు. మీ కాంట్రాక్ట్ పైన ఏ సంస్థ పేరుందో ముందు చూసుకోండి. ఏ రోజు, ఎవరి ముందు, ఏమన్నారు అన్నది అదే రోజు రాసి, ఆఫీసు మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌లో పెట్టుకోండి. కాంట్రాక్ట్ అయిపోగానే ఆఫీసు మెయిల్ మూసేస్తారు.

ఖమ్మం అమ్మాయి ఇప్పుడు వేరే గైడ్ దగ్గర చేస్తోంది. పాత పేపర్‌లో ఆమె పేరు మొదట ఉండాలా రెండోదిగా ఉండాలా అన్న తగాదా ఇంకా తేలలేదు. ఇంకో అబ్బాయి పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి ఆగస్టులో ఇంటికి వెళ్లిపోయాడు. మా దగ్గరకు వచ్చేనాటికే రాజీనామా ఇచ్చేశాడు. విమానాశ్రయానికి వెళ్లినవాళ్లం నలుగురం ఉన్నాం.

జూన్‌లో దాలెంలోని ఇనెష్ట్రాసె 22 భవనానికి వెళ్లాం. ఇప్పుడు అది ఫ్రీ యూనివర్సిటీ వాళ్లది, రాజనీతి శాస్త్రం చెబుతారు. 1927లో అక్కడ మానవ శాస్త్ర సంస్థ మొదలైంది, డైరెక్టర్ ఆయిగెన్ ఫిషర్. తర్వాత నాజీల జాతి సిద్ధాంతానికి శాస్త్రం ముసుగు వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1920ల చివర్లో, తర్వాత పేరున్న మానవ శాస్త్రవేత్త అయిన ఇరావతీ కర్వే పరిశోధన కోసం మన దేశం నుంచి ఆయన దగ్గరకు వచ్చారు. పుర్రెల ఎడమ కుడి భాగాల తేడాకూ జాతికీ సంబంధం ఉందని, యూరోపియన్లది ఉన్నత జాతి అని తేలాలన్నది ఆయన ఆశ. ఆమె 149 పుర్రెలు కొలిచి, జాతితో సంబంధమేమీ కనబడలేదని రాశారు. పరాయి దేశంలో, గైడ్ ఎదురుగా, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల వయసులో. ఆమె జీవిత చరిత్ర రాసినవాళ్ల ప్రకారం పాసైతే అయ్యారు గానీ వేసింది అట్టడుగు గ్రేడు. 2014లో ఆ పరిసరాల్లో తవ్వితే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. 2023లో వాటిని శ్మశానంలో గౌరవంగా ఖననం చేశారు. మన పిల్లలు ఆ భవనం గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తిరుగు మెట్రోలో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం గ్రేడు గురించే: ‘ఆవిడ అప్పీలు చేసుకోలేకపోయారా?’

చివరగా ఒక విషయం, కొందరికి నచ్చకపోవచ్చు. సెప్టెంబర్ సలహా సాయంత్రంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివి వచ్చిన ఒక సభ్యుడు లేచి, ‘ఇక్కడ తెల్లవాళ్లు యాసను వెక్కిరిస్తే బ్యానర్ పట్టుకున్నాం. మన గ్రూపులో రూమ్మేట్ కావాలని పెట్టే ప్రకటనల్లో కులం అడిగినప్పుడు ఎవరు మాట్లాడారు?’ అని నిలదీశారు. హాలు కాసేపు వేడెక్కింది. ఆయన అన్నది నిజం. 2015లో సస్పెండై, హాస్టల్ నుంచి వెలివేయబడి, ఐదుగురు దళిత విద్యార్థులు 2016 జనవరిలో ఆ క్యాంపస్‌లో ‘వెలివాడ’ అని పేరు పెట్టుకుని గుడారంలో పడుకున్నారు. వారిలో రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. ఉన్నత విద్యా సంస్థల్లో వివక్షను అడ్డుకోవడానికి యూజీసీ 2012లోనే నిబంధనలు పెట్టింది. అవి అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి రాధిక గారు, కుల వేధింపుల ఆరోపణల మధ్య ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి అబేదా గారు సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అప్పట్లో మన సంఘం ఒక్క తీర్మానం కూడా చేయలేదు. పాత మినిట్స్ తిరగేసి చూశాను, లేదు.

అందుకని కమిటీ అక్టోబర్‌లో ఒక నిర్ణయం తీసుకుంది: మన గ్రూపుల్లో కులం, మతం అడిగే ప్రకటనలు తొలగిస్తాం, రెండోసారి పెట్టినవాళ్లను గ్రూపు నుంచి తీసేస్తాం. ఇప్పటికే ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. తిరిగి వస్తామంటే ఆహ్వానం ఉంది, ప్రకటన లేకుండా.

జనవరి 17కి రోహిత్ పోయి పదేళ్లు. ఆ రోజు సాయంత్రం మన సర్వసభ్య సమావేశం పెట్టుకుంటున్నాం. ఓటుకు వచ్చేవి రెండు: విద్యార్థుల న్యాయ సలహా కోసం సభ్యత్వ రుసుములో కొంత పక్కన పెట్టే నిధి, గ్రూపు ప్రకటనల నిబంధనను నియమావళిలో చేర్చడం. రెండో దానికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి కనుక రాలేనివాళ్లు ఓటు బదిలీ పత్రం నింపి పంపండి. పిల్లలకు పక్క గదిలో ఆటలు ఉంటాయి. భోజనం ఎవరికి వారు ఒక వంటకం తేవాలి, ఈసారి పెరుగన్నం రెండు గిన్నెలు మించకుండా చూసుకుందాం.

కమిటీ తరఫున,
కార్యదర్శి
బెర్లిన్, డిసెంబర్ 2025