చెట్టు లేని నేల గురించి నీకో ఉత్తరం

అమ్మా పావనీ,

మొన్న ఫోన్‌లో డిసర్టేషన్‌కి, అదే నీ పరిశోధన వ్యాసానికి, ఏ విషయం తీసుకోవాలో తేలడం లేదన్నావు. క్లాసులో సగం మంది హిమాలయాలు అంటున్నారనీ, కొందరు పులులు అంటున్నారనీ, నువ్వు నంద్యాల జిల్లాలోని మన రోళ్లపాడు పేరెత్తితే "అక్కడ అడవే లేదు కదా" అని ఎవరో అన్నారనీ చెప్పి నవ్వేశావు. నువ్వు నవ్వేసినా నాకు మాత్రం రాత్రంతా అదే మాట మనసులో మెదిలింది. ఇదంతా ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది. అందుకే రాస్తున్నా.

అడవి లేదన్న మాట నిజమే. ఉన్నది గడ్డి. నాపరాళ్ల మీద జానెడు మన్ను, ఆ మన్ను మీద మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా రేగు కంప. కానీ బట్టమేక పిట్టకు, మీ పుస్తకాల్లో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనేదానికి, కావలసింది సరిగ్గా అదే. నిలబడితే మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. అది చెట్టెక్కదు, గూడు కట్టదు. నేల మీదే తిరిగి, మామూలుగా ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు నేల మీదే పెడుతుంది. చుట్టూ దూరం దాకా కనబడితేనే దానికి ధైర్యం.

నేను గొర్రెల వెంట తిరిగే వయసులో దాన్ని దగ్గరగా చూశాను. వానలు పడ్డాక మగపిట్ట కాస్త మెరక చూసుకుని నిలబడేది. గొంతు కింది తెల్లటి తిత్తిని గాలితో నింపుకుని, తోకను వీపు మీదికి విరుచుకుని, ఆ తిత్తి కాళ్ల మధ్య ఊగుతుండగా అరిచేది. లోతైన బావిలో ఎవరో మూలిగినట్టుండేది ఆ అరుపు. ఆడదాని ఓర్పు ఇంకా గొప్పది. గుడ్డు మీద కూర్చుంటే మంద దగ్గరికొచ్చినా లేచేది కాదు. గొర్రె కాలు మీద పడబోతోందనగా రెక్కలు విప్పి నిలబడేది. మా నాయన అదిలించి మందను పక్కకు తిప్పేవాడు. గుడ్డు మట్టి రంగులో మచ్చలతో ఉండి, వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడేది కాదు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు రోళ్లపాడులో ఉండి ఈ పిట్ట మీద పరిశోధన చేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఆ తర్వాత జరిగినదే నువ్వు బాగా చదవాల్సింది. పిట్టను పోగొట్టాలని ఎవరూ అనుకోలేదు. పశువులు రాకుండా కాపలా పెట్టారు, గడ్డి ఒత్తుగా, ఎత్తుగా పెరిగింది. కాపలా ఉన్నచోట కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. అలగనూరు రిజర్వాయరు కట్టారు, కాలువ నీళ్లొచ్చాయి. జొన్న, కొర్ర వేసే చేలల్లోకి పత్తి, పొద్దుతిరుగుడు వచ్చాయి, వాటి వెంట పురుగుమందులూ వచ్చాయి. మిడతలు తిని బతికే పిట్టకు మిడతలు కరువయ్యాయి. పిట్ట ఆ 614 హెక్టార్లలోనే బతికేది కాదమ్మా. చుట్టూ ఉన్న మా బీళ్లలో, కోసేసిన చేలల్లో తిరిగేది. రక్షణేమో హద్దుల లోపల పెట్టారు, పిట్ట బతుకు సగం బయట ఉండేది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనబడటం లేదు.

కాలువ నీళ్లు రాకుండా ఉండాల్సిందని నేను అనను, నువ్వూ అనొద్దు. మీ అన్న చదువూ నీ చదువూ ఆ నీళ్ల మీదే నడిచాయి. నేను అడిగేది వేరు. నీళ్లు ఎక్కడికి పోవాలో గీత గీసినప్పుడు, ఏ బీడు బీడుగానే ఉండాలో ఎందుకు గీయలేదు? అలా ఉంచిన రైతుకు ఏమివ్వాలో ఎందుకు లెక్క కట్టలేదు? ఈ లెక్క కట్టగలిగేవాళ్లు కావాలి. నువ్వు చదువుతున్నది దానికే అని నేను నమ్ముతున్నా.

మధ్యప్రదేశ్‌లో కరేరా సంగతి చదువు. బట్టమేక కోసం 1981లో అభయారణ్యం చేశారు. లోపల రైతుల పట్టా భూములు కూడా ఉన్నాయి. అమ్ముకోవడానికి లేదన్నారు. జింకలు పెరిగి పంటలు పోయాయి. జనానికి పిట్టంటేనే మంట పుట్టింది. 1990లు ముగిసేసరికి అక్కడ పిట్ట లేదు. కర్ణాటకలో రాణేబెన్నూరు ఇంకో రకం. గడ్డి నేలలో నీలగిరి చెట్లు నాటారు. పచ్చగా కనబడితే చాలనుకునే బుద్ధి ఇక్కడా తక్కువేం లేదు. వానాకాలం వస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఈ నేలంతా వృథాగా పడి ఉంది, గుంతలు తీసి మొక్కలు నాటుదాం అంటారు. వాళ్లకు కోపంతో చెబితే వినరు, కొలిచిన లెక్క చూపిస్తే ఆగుతారు.

మీ డెహ్రాడూన్‌లోనే చంద్రబనీలో ఉన్న వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రాజస్థాన్ అటవీ శాఖతో కలిసి జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019 నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు కదా. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా పిల్ల పుట్టింది. ఆ వార్త చదివి నాకు కళ్లు చెమర్చాయి. కానీ పెంచిన పిల్లల్ని చివరికి ఎక్కడ వదులుతారు? ఆ ఎడారిలోనే సోలార్, గాలిమరల కరెంటు తీగలకు తగిలి బట్టమేకలు చచ్చిపోతున్నాయి. ఆ పిట్టకు కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా ఆనదు, బరువు వల్ల చప్పున తప్పుకోలేదు. తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నిచోట్లా సాధ్యం కాదని 2024లో దాన్ని సడలించి కమిటీ వేసింది. సోలార్ కరెంటు వద్దనే మూర్ఖుణ్ణి కాను. మన జిల్లాల్లోనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అయితే ఏ నేల ఖాళీగా ఉందో, ఏ నేల ఖాళీగా కనబడుతోందో ముందే తేల్చి చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

ఇంతకీ నేను చెప్పొచ్చేది, నువ్వు గడ్డినే తీసుకో. ఎన్ని గొర్రెలు మేస్తే గడ్డి పిట్టకు సరిపోయే ఎత్తులో ఉంటుంది, ఎన్ని మేస్తే నేల బోడిదవుతుంది, అసలు మేపకపోతే ఏమవుతుంది? మా కాపరులకు ఇది చూపు మీద తెలుసు. అంకెల్లో రాసిపెట్టిన కాగితం మాత్రం మా చేతిలో లేదు. జైసల్మేర్‌లో చేసినా మంచిదే, రోళ్లపాడులో చేసినా మంచిదే. బట్టమేక లేకపోయినా ఇక్కడి నేల చచ్చిపోలేదు. చలికాలం కజకిస్తాన్ వైపు నుంచి పిల్లిగద్దలు వచ్చి రాత్రికి ఈ గడ్డిలోనే కింద పడుకుంటాయి. సాయంత్రం పొద్దుగూకే వేళ ఒక్కొక్కటే దిగుతుంటాయి, నువ్వు చిన్నప్పుడు చూశావు. స్టాటిస్టిక్స్ కష్టంగా ఉందన్నావు, అది మాత్రం వదలొద్దు. రేపు ఆఫీసులో నీ మాటకు విలువ దానివల్లే వస్తుంది.

ఊళ్లలో మాట్లాడేటప్పుడు "మీకు పిట్టంటే ఇష్టమేనా" అని అడగొద్దు. ఇష్టమనే చెబుతారు. ఏం పంట వేశారు, మొలక రెండాకుల మీదున్నప్పుడు జింకలు ఎంత కొరికాయి, మళ్లీ విత్తనానికి ఎంతైంది అని అడుగు. చేను చుట్టూ పాత చీరలు కట్టి రాత్రిళ్లు మంచె మీద కూర్చునేవాడి పక్కన ఒక్క రాత్రి కూర్చో. మీ అమ్మను తోడు తీసుకెళ్లు, ఆడవాళ్లు ఆమెతో అయితే దాచుకోకుండా చెబుతారు. నష్టపరిహారం కోసం అర్జీ పెట్టి విసిగి మానేసినవాళ్ల లెక్క కూడా రాసుకో. అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

మీ గైడు గారితో మాట్లాడి ఏ సంగతో చెప్పు. జైసల్మేర్ అయితే దారి ఖర్చులు, అక్కడ గది అద్దె ఎంతవుతాయో ముందే అడిగి తెలుసుకో. ఈసారి పత్తి మొదటి తీత బాగానే వచ్చింది, ఆ డబ్బు నీ కోసమే పక్కన పెడతాను. చలికి మంచి స్వెట్టర్ కొనుక్కో, పాతది మీ అమ్మ కుట్టి పంపుతానంటోంది కానీ వద్దని చెప్పా.

ఇట్లు,
మీ నాయన