మామగారి నల్లపెట్టె

ఒరేయ్ శేషూ,

దసరాకి రాస్తానని సంక్రాంతికి రాస్తున్నా. తిట్టుకో, కానీ ఆఖరిదాకా చదివి తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. పెద్దాడు ఇంజినీరింగులో చేరాడు, నాకు షుగరు చేరింది. వార్తలైపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది.

మా మామగారు తెలుసుగా, వంకాయలు కిలో ఎంతకి బేరమాడారో వీధంతా చాటే మనిషి. నెలకోసారి ఓ చిన్న నల్లపెట్టె పట్టుకుని "మీటింగు" అని వెళ్తారు. రిటైరైనవాళ్ల సంఘం కాబోలనుకునేవాణ్ణి. మొన్న ఇల్లు మారుతుంటే పెట్టె జారి మూత ఊడింది. లోపల తెల్లటి తోలు ఏప్రన్, నీలం అంచు! "వంటింటి గడప తొక్కని మీకు ఇదెందుకు నాన్నా?" అంది మీ చెల్లాయి. ఆయన గొంతు సవరించుకుని, "లాడ్జికి వెళ్లేటప్పుడు కట్టుకుంటానమ్మా" అన్నారు.

ఇల్లంతా నిశ్శబ్దం. అత్తయ్యగారొక్కరే నవ్వుతున్నారు. ఆవిడకి పాతికేళ్లుగా తెలుసట! మామగారు ఫ్రీమేసన్ రా, అదే, రహస్య సంకేతాలు, తమకే తెలిసిన షేక్‌హ్యాండు ఉండే పాత సోదర సంఘంలో సభ్యుడు. లాడ్జి అంటే హోటల్ కాదు, వాళ్ల శాఖ.

ఆదివారం నన్ను వాళ్ల లాడ్జి నడిచే చోటికి, హైదరాబాదులోని గోషామహల్ బారాదరికి తీసుకెళ్లారు. అది ఎవరు కట్టించిందనుకున్నావ్? తానీషా! మన రామదాసుని ఖైదులో పెట్టినాయనే. 1682లో కట్టించాడట. అయిదేళ్లకి గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది, తానీషా దౌలతాబాద్ కోటలో ఖైదీగానే పోయాడు. గోషా అంటే పరదా కదా. ఆ పేరున్న మహల్లో నడిచే లాడ్జిలో ఆడవాళ్లకి సభ్యత్వమే లేదు. "రెండుసార్లూ గోడ మాకేనా!" అంది మీ చెల్లాయి.

1872లో నిజాం దాన్ని మేసన్లకిచ్చాడంటారు. మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి ఆరేళ్లు కూడా సరిగ్గా నిండని పిల్లాడు, పెత్తనమంతా దివాను సాలార్‌జంగ్‌ది. కాబట్టి ఎవరిచ్చారో నువ్వే ఊహించుకో. అదే ఏడు కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే ఆయన తొమ్మిదేళ్లు పోట్లాడి లాడ్జిలో చేరాడట. దేవుళ్లు బోలెడున్న హిందువులు మనకెందుకని తెల్లదొరల అభ్యంతరం. మామగారేమో భగవద్గీత మీద ప్రమాణం చేశారు!

సభ జరిగేటప్పుడు తలుపు బయట కత్తి పట్టుకుని ఒకాయన కాపలా ఉంటాడు, టైలర్ అంటారు. ఆ మాట వినగానే నువ్వే కళ్లముందు మెదిలావు రా! మన హాస్టలు మూడో బ్లాకు, కిరసనాయిలు స్టవ్వు, గుమ్మం బయట అట్లకాడతో నువ్వు. "ఇంగువ" అంటేనే లోపలికి. లండన్‌లో వాళ్ల గ్రాండ్ లాడ్జి 1717లో మొదలైతే మన పెసరట్టు సంఘం 1994లో. తేడా ఒక్కటే, వీళ్లకి వార్డెన్లు (లాడ్జి పెద్దల్ని అలా అంటారు) లోపలే కూర్చుంటారు, ఒకరు కాదు ఇద్దరు!

నవ్వుతూ ఇది చెప్పానా, మామగారు నవ్వలేదు. ఆయన్ని చేర్పించిన స్నేహితుడు కిందటేడు పోయాడట. ఆ నల్లపెట్టె ఆయన కొనిచ్చిందే. కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాకూ ఏదోలా... సర్లే. నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?

మాట మార్చుదామని, "మీ షేక్‌హ్యాండు ఎలా ఉంటుంది మామయ్యగారూ?" అన్నా.

"వంకాయల ధర అడుగు, చెప్తా."

అన్నట్టు సొరంగం సంగతి రాయనేలేదు! అక్కణ్ణుంచి గోల్కొండదాకా ఉందని జనం చెప్పుకునే... అదిగో, కొరియర్ కుర్రాడు బెల్లు కొడుతున్నాడు. మేసన్లు తలుపు తట్టినట్టే మూడుసార్లు కొట్టాడ్రా!

నీ
ఇంగువ