కార్డులు ఎందుకు లేటయ్యాయో చెప్తాను

అందరికీ నమస్తే. పెళ్లి కార్డులు ఆగిపోయిన మూడు జంటలకీ ఫోన్ చేసి విషయం చెప్పాను, కానీ మిగతావాళ్ల దగ్గర్నుంచి కూడా "ఏంటి మేడమ్, పని ఆపేశారంట" అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి కాబట్టి అందరికీ ఒకేసారి రాసేస్తున్నా. పని ఆపలేదు. కాగితం పూలు, జెండాల దండలు, ఫొటో కార్నర్ బోర్డులు అన్నీ మామూలే. ఆగింది ఇన్విటేషన్ కార్డులు ఒక్కటే, అవి కూడా నేను ఆపితేనే ఆగాయి.

కార్డుల కాగితం ఆరేళ్ల నుంచి ఒకాయన దగ్గరే తీసుకుంటున్నా. కాటన్ గుడ్డ ముక్కల పల్ప్‌తో (గుజ్జుతో) చేత్తో తీసిన కాగితం, 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), నాలుగు వైపులా అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఏ రెండు షీట్లూ ఒకేలా ఉండవు. మీలో సగం మంది ఆ కాగితం ఒకసారి పట్టుకుని చూశాకే కదా "ఇదే కావాలి" అన్నది. ఈసారి కట్టలు వచ్చాయి, పైన ఉన్న నాలుగు షీట్లు చూశా, బాగానే ఉన్నాయి, కింద చూడలేదు. ఆరేళ్ల నమ్మకం కదా. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

మొదట ప్రింట్ చేసింది బైక్ పంక్చరైన రోజు పరిచయమైన జంట కార్డు. పేర్ల కంటే టైరు పెద్దగా ఉండాలి అన్నారు, ఆ టైరు గుండ్రంగా చెక్కేలోపు మూడు లినో ముక్కలు (బొమ్మ చెక్కి, ఇంకు పూసి అచ్చు వేసే మెత్తటి షీటు) పాడు చేశా, చివరికి వచ్చిన టైరు మాత్రం చూసి తీరాలి. 180 కార్డులు వేశాం. నూనె ఇంకు కదా, ఆరడానికి రోజులు పడుతుంది, ఆరాక మడతపెట్టడం మొదలెడితే మడత దగ్గర కాగితం పగులుతోంది. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా. ఆరేళ్లలో నా కాగితం ఒక్కసారి కూడా అలా పగల్లేదు.

అప్పుడు అనుమానం వచ్చింది. ఇది మీకూ పనికొస్తుంది, ఎక్కడ కొన్నా చూసుకోవచ్చు. మిషన్ కాగితంలో నారంతా ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది, దాన్నే గ్రెయిన్ అంటారు. చేత్తో తీసేటప్పుడు జాలీ ఫ్రేమ్‌ని పల్ప్ నీళ్లలో ముంచి పైకెత్తి అటూ ఇటూ ఊపుతాం కాబట్టి నార అన్ని వైపులకీ పోతుంది. అందుకని షీటు పొడుగు వైపు నుంచి ఒక ముక్క, అడ్డం వైపు నుంచి అదే సైజులో ఇంకో ముక్క కత్తిరించి, రెండింటినీ చివర పట్టుకుని గాల్లో ఉంచా. ఒకటి నిటారుగా నిలబడింది, ఇంకోటి వేలాడిపోయింది. చేతి కాగితమైతే రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. తర్వాత తూకం వేశా. ఏ4 సైజు షీట్లు 16 కలిపితే ఒక చదరపు మీటరు, అంటే 300 జీఎస్‌ఎం అయితే ఆ పదహారూ 300 గ్రాములు తూగాలి. 244 వచ్చింది. అంచులు లెన్స్ పెట్టి చూస్తే స్కేలు పెట్టి చింపి గరుగ్గా చేసినవి. మొత్తం మిషన్ సరుకే, పైన నాలుగు షీట్లు మాత్రం నిజమైనవి పెట్టారు! అంటే తెలియక జరిగింది కాదు. నేను ఎన్ని షీట్లు చూస్తానో కూడా ఆయనకి తెలుసు, ఆ ముక్కే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఫోన్ చేస్తే ఆయన అన్న మాట, "పెళ్లికొచ్చినోళ్లు మిషన్‌దా చేతిదా అని చూస్తారా మేడమ్, చూసి పక్కన పడేస్తారు." ఇంకేం మాట్లాడకుండా పెట్టేశా. ఆ లెక్కన నేను టైరు చెక్కుతూ మూడు రాత్రులు కూర్చోవడం కూడా దండగే కదా.

ఇక రెండు రోజులు నిద్ర లేదు. పంపించేస్తే ఎవరికీ తెలీదు, మడత కింద సన్న టేపు వేస్తే పగులు కూడా కనబడదు, మా అమ్మాయిలిద్దరూ అదే అన్నారు, పాపం వాళ్లది కూడా తప్పు కాదు, 180 కార్డులు మళ్లీ వెయ్యాల్సింది వాళ్లే. ఒక రాత్రి టేపు వేసి కూడా చూశా, నిజం చెప్తున్నా. బాగానే ఉంది. కానీ మీకు నేను అమ్మింది "చేతి కాగితం" అనే మాట, ఆ మాట కింద టేపు పెట్టి పంపడం నావల్ల కాలేదు. పొద్దున్నే మూడు జంటలకీ ఫోన్ చేశా: కావాలంటే మొత్తం డబ్బు వెనక్కి, లేదా వేరే చోట కాగితం దొరికేదాకా ఆగండి, లేదా ఇద్దరం కలిసి ఇంకేదైనా ఆలోచిద్దాం అని.

టైరు జంట ఆగుతామన్నారు. రెండోవాళ్లు "అదే పంపించండి, ఎవరు చూస్తారు" అన్నారు. సప్లయర్ ఆ మాట అన్నప్పుడు కోపం వచ్చింది గానీ వాళ్లు అన్నప్పుడు ఏడుపొచ్చింది. పంపలేదు, డబ్బు ఇచ్చేశా, మొండితనం అనుకున్నా పర్లేదు.

మూడోవాళ్లు మాత్రం ఏకంగా ఇక్కడికే వచ్చేశారు, మా పాత బట్టలతో కాగితం చేద్దాం అని. గుడ్డ మామూలు మిక్సీలో నలగదు, బ్లేడుకి చుట్టుకుంటుంది, దానికి బీటర్ మిషన్ ఉండాలి, అది నా దగ్గర లేదు. అప్పుడు ఆ అబ్బాయి వాళ్ల కాలేజీ నోట్సులు మూడు సంచులు తెచ్చాడు. పిన్నులు పీకి, చించి, రాత్రంతా నానబెట్టి, మిక్సీ పట్టి, జాలీ ఫ్రేమ్‌తో వాళ్లే తీశారు. మొదటి ఇరవై షీట్లు చిల్లులే, నేల నిండా నీళ్లు, ఆ అమ్మాయి పల్ప్‌లో జారి కూడా పడింది. కానీ ఆరాక చూస్తే లేత బూడిద రంగు కాగితం మీద అక్కడక్కడ నీలం ఇంకు చుక్కలు, ఒకచోట అరుదైన అదృష్టంలాగా "ఇంపార్టెంట్" అనే మాటలో సగం. గెస్టులు తక్కువే కాబట్టి 60 కార్డులు సరిపోయాయి. ఆ చిల్లుల షీట్లు కూడా పారెయ్యనివ్వలేదు వాళ్లు, వాటి వెనక లైట్లు పెట్టి స్టేజీ పక్కన వేలాడదీస్తారట.

ఇకమీదట పద్ధతి కొంచెం మారుతుంది. కార్డులు కావాలంటే కనీసం పది వారాల ముందు చెప్పండి, నెలకి రెండు పెళ్లిళ్లకే చేస్తా. కొత్త చోట నుంచి శాంపిల్స్ వచ్చాయి, ప్రతి కట్టలో మధ్యలోంచి షీట్లు లాగి తూకం వేసి, మడతపెట్టి చూశాకే ప్రింటింగ్. మీరు వచ్చి చూస్తానంటే తూకం మీ ముందే వేస్తా. సొంతంగా కాగితం తయారు చేసుకుంటామంటే ఫ్రేములున్నాయి, పాత బట్టలు వేసుకుని రండి.

ఆ మిషన్ కాగితం ఇంకా నాలుగు కట్టలు మూలన పడుంది. చిన్న జెండాలకీ, పిల్లల బొమ్మలకీ బాగానే పనికొస్తుంది, ఎవరికైనా కావాలంటే ఊరికే తీసుకెళ్లండి. చేతి కాగితం అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.