వాలంటీర్ కోచ్‌లు కావాలి: మంగళవారం ట్రాక్, ఆదివారం లాంగ్ రన్

అందరికీ నమస్కారం. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంది కాబట్టి మన రన్నింగ్ గ్రూప్‌లో కొత్తగా చేరేవాళ్లు పెరుగుతున్నారు. 40 మందికి ఒక్క కోచ్ చాలరు. ఒక్కరే ఉంటే ఏమవుతుందో తెలిసిందే: కొత్తవాళ్లు ముందువాళ్ల వేగాన్ని అందుకోబోయి మూడో వారానికి మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో ఆగిపోతారు. 10 మందికి ఒకరు చొప్పున నలుగురు కావాలి.

మారథాన్ పరుగెత్తిన అనుభవం అక్కర్లేదు. రెండేళ్లుగా క్రమం తప్పకుండా పరుగెడుతూ, నెమ్మదిగా పరుగెత్తే ఓపిక ఉంటే చాలు. గాయం వల్ల ఇప్పుడు పరుగెత్తలేని వాళ్లు కూడా రండి, స్టాప్‌వాచ్ పట్టుకునే మనిషి మాకు చాలా ముఖ్యం.

మంగళవారం పని: 10 నిమిషాల వార్మప్, తర్వాత 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 200 మీటర్ల జాగింగ్. అందరూ ఒకటో లేన్‌లోనే పరుగెత్తేలా చూడాలి. ఎనిమిదో లేన్‌లో చుట్టుకు 50 మీటర్లకు పైగా ఎక్కువ, టైమింగ్‌లు పోల్చడానికి పనికిరావు.

ఆదివారం నెక్లెస్ రోడ్ మీద ఒక కోచ్ ముందు, ఒక కోచ్ అందరికన్నా చివర. చివరి కోచ్ కన్నా ఎవరూ వెనకబడకూడదు, ఇది మాత్రం రాజీపడేది కాదు. మాట్లాడుతూ పరుగెత్తలేకపోతే వేగం తగ్గించమనాలి. ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి.

ఆరు వారాలు, వారానికి ఒక్క రోజు చాలు. మీకు తెలిసిన పీఈటీ మాస్టార్లు, పాత అథ్లెట్లు ఉంటే గ్రూప్‌లో పేరు పెట్టకుండా ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. వీలైన రోజు ఏదో అడ్మిన్లకు శుక్రవారంలోగా చెప్పండి.