సెల్లార్ ఇంకా ఎందుకు తెరవలేదంటే

అందరికీ నమస్కారం.

పోయిన శనివారం మన సెల్లార్ మ్యూజిక్ క్లబ్బు కొత్త హాల్లో మొదటి షో అని చెప్పి టికెట్లు అమ్మాను. గురువారం రాత్రి పదకొండింటికి "షో లేదు, డబ్బులు వాపసు ఇస్తాను" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఫోన్ పక్కన పడేశాను. తర్వాత మీలో ఎవరు చేసినా ఎత్తలేదు. ఎత్తితే నోటికి ఏం వచ్చేదో నాకే తెలియదు. ఇప్పుడు కాస్త చల్లారాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు డబ్బుల సంగతి. ఫోన్‌పే, గూగుల్‌పే చేసినవాళ్లకు వెనక్కి పంపేశాను. నగదు ఇచ్చినవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడొచ్చినా ఇస్తాను. టికెట్ పారేసుకున్నా పర్లేదు, మీ మొహాలు నాకు గుర్తే.

మనం సెల్లార్ ఎందుకు ఖాళీ చేశామన్నది కూడా చాలామందికి సరిగ్గా తెలియదు. నన్నెవరో వెళ్లగొట్టారని పోయినవారం ఒకాయన నా తరఫున రోడ్డు మీద గొడవకు కూడా దిగాడట. ఎవరూ వెళ్లగొట్టలేదు బాబూ. సెల్లార్ అంటే బండ్లు పెట్టుకోవడానికి, ప్లాన్‌లో అలాగే ఉంటుంది. ఊళ్లో ఎన్ని సెల్లార్లలో జిరాక్స్ షాపులు, గోడౌన్లు లేవు అనుకుని నేనూ కళ్లు మూసుకున్నాను. నోటీసు వచ్చింది, ఖాళీ చేశాను. ఇందులో నేను తిట్టాల్సింది ఎవరైనా ఉంటే అది నన్నే.

కానీ ఖాళీ చేసిన రోజు మాత్రం ఏడ్చాను. అది మా నాన్న మైక్‌సెట్ గోడౌన్. పెళ్లిళ్లకు, బోనాలకు, వినాయక మండపాలకు అహూజా ఆంప్లిఫయర్లు, బూర స్పీకర్లు అద్దెకిచ్చేవారు. 2009లో ఆయన పోయిన కొన్ని నెలలకు నలుగురు ఇంజినీరింగ్ పిల్లలు ఆంప్లిఫయర్ అద్దెకు కావాలని వచ్చారు. తీరా తీసుకెళ్లి వాయించుకోవడానికి వాళ్లకు చోటు లేదు. ఇక్కడే వాయించుకుంటాం ఆంటీ అన్నారు. (అప్పటికి నాకు ముప్పై నాలుగు. అక్కా అని పిలిపించుకోవడానికి రెండేళ్లు పట్టింది.) గంటకు యాభై రూపాయలు. మూడో వారానికి వాళ్ల పాట వినడానికి మెట్ల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. పాపం కదా అని చాయ్ పెట్టాను. మన క్లబ్బు మొదలైంది అంతే, రిబ్బన్ కత్తిరించింది ఎవరూ లేరు.

ఆ గది ఎలా ఉండేదో కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తాను. స్టేజీ అంటే ఇటుకల మీద పరిచిన రెండు ప్లైవుడ్ షీట్లు. దాని పైన సరిగ్గా తలకు తగిలే ఎత్తులో ఒక దూలం. పొడుగ్గా ఉన్న ప్రతి గిటారిస్టూ మొదటి పాటలోనే దానికి తల కొట్టుకునేవాడు. చివరికి నేను దానికి పాత బొంత చుట్టాను. ఖాళీ చేసేటప్పుడు విప్పి చూస్తే, తలలు తగిలి తగిలి బొంత మీద జానెడు కొబ్బరినూనె మరక. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, లోపల ఉన్నవాళ్లు పాడుతూ ఉండాలి, అదీ రూలు. స్టేజీ మీద ఎప్పుడూ నోరు విప్పని మన సౌండ్ కుర్రాడికి అంత మంచి గొంతు ఉందని మనకు అక్కడే తెలిసింది. వాసన సంగతి సరే. చెమ్మ, చాయ్, అగర్‌బత్తి, ఎనభైమంది చెమట.

2012 వేసవి కరెంటు కోతలు గుర్తున్నాయా? ఒకరోజు పాట మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద వెలిగేది మెట్ల దగ్గర బల్బు ఒక్కటే. గిటార్లు ఆగిపోయాయి కానీ డ్రమ్స్ వాయించే మెకానిక్ కుర్రాడు ఆపలేదు. పాడుతున్న అమ్మాయి మైకు కింద పెట్టేసి అలాగే పాడింది. ఆ చీకట్లో ఎవరి ముందు గ్లాసు ఎక్కడుందో తెలియక అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పదిహేను నిమిషాల తర్వాత కరెంటు వస్తే గదంతా ఒక్కసారిగా "అబ్బా" అంది, అది సంతోషంతో అన్నది కాదు.

2020 మార్చిలో మూసేశాం. అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సెల్లార్ నిండా నీళ్లు. నాన్న ఆంప్లిఫయర్లు నాలుగూ మునిగిపోయాయి. మాస్కులు కట్టుకుని మీరు ఇరవైమంది బకెట్లతో వచ్చి మెట్ల మీద వరస కట్టిన సంగతి నేను పోయేదాకా మర్చిపోను. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ముసలాయన నెలరోజులు కష్టపడితే నాలుగింటిలో ఒకటి బతికింది.

ఇక అసలు సంగతి.

కొత్త హాలు అదే సందులో, రెండో అంతస్తు. ఇంతకుముందు ట్యూషన్ సెంటర్. భూమిలోపల ఉన్నన్నాళ్లు చప్పుడు గురించి నాకు టెన్షన్ లేదు, చుట్టూ మట్టి. ఇప్పుడు కింది అంతస్తులో ఓనరు కుటుంబం ఉంది, ఎనభై దాటిన ఆయన తల్లి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. మన డ్రమ్స్ గది లోపల వందకు పైనే ఉంటాయి. అందుకే సౌండ్‌ప్రూఫింగ్ చేసే మనిషిని పిలిచాను.

పేరు రాయను. సంచీ నిండా శాంపిళ్లు, ఫోను నిండా థియేటర్ల వీడియోలు. నేను రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నారతో చేసే దూదిలాంటి పలక) అడిగాను. "అదంతా పాత పద్ధతి అక్కా, దురద పుడుతుంది, ఇప్పుడంతా ఫోమే" అన్నాడు. మొత్తం రెండు లక్షల ఎనభై ఐదు వేలు, అందులో లక్షన్నర అడ్వాన్సు. బిల్లు మీద 'ఫైర్ రిటార్డెంట్ ఎకౌస్టిక్ ఫోమ్' అని ఉంది, అంటే మంట తొందరగా అంటుకోనిదని. నాలుగు రోజుల్లో గోడలన్నీ బూడిదరంగు పిరమిడ్లతో నింపేశాడు. చూడ్డానికి ఎంత బాగుందంటే నేనే ముందు సెల్ఫీ దిగాను. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతోంది. ఇంకేం, పనైపోయిందనుకుని టికెట్లు పెట్టాను. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

బుధవారం సాయంత్రం లాలాగూడ అంకుల్ వచ్చారు. బేస్ గిటార్ వాయించే రిటైర్డ్ రైల్వే అంకుల్, మీ అందరికీ తెలుసు. నన్ను వాయించమని గిటార్ నా చేతిలో పెట్టి, అన్నిటికన్నా కింది తీగ ఒక్కటే మీటుతూ ఉండమని చెప్పి ఆయన కిందికి వెళ్లారు. ఐదు నిమిషాల తర్వాత ఫోన్ చేసి "వచ్చి చూడు" అన్నారు. ఆయన గిటార్ అందుకోవడానికి పైకి వెళ్లారు, నేను కిందికి దిగాను. ఓనరుగారి తల్లి మంచం పక్కన గూట్లో రెండు స్టీలు గ్లాసులు ఉన్నాయి. అంకుల్ పైన తీగ మీటినప్పుడల్లా ఆ రెండూ ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమంటున్నాయి. పెద్దావిడ నా వంక చూసి "రైలు పోతున్నట్టుందమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు.

మైక్‌సెట్ ఆయన కూతుర్ని నేను. బూర ఏ వైపు తిప్పితే ఏ వీధికి వినపడుతుందో పదేళ్ల వయసులో తెలుసు నాకు. అలాంటి నా చెవిలో ఒకడు పువ్వు పెట్టాడు, అదీ రెండు లక్షల ఎనభై ఐదు వేల పువ్వు. ఫోమ్ చేసేది గదిలోపలి ప్రతిధ్వనిని మింగడం. చప్పుడు బయటికి పోకుండా ఆపేది బరువు. బరువైన గోడ, దాని వెనక సందు, ఆ సందులో రాక్‌వూల్, ఆపైన ఒకదానికొకటి అంటని ఇంకో గోడ, గాలి కూడా దూరని తలుపు. బేస్ గిటార్ కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. గాలిలో దాని ఒక్క అల పొడవు 27 అడుగులకు పైనే. దాన్ని ఆపడానికి నేను పెట్టింది రెండంగుళాల స్పాంజి. ఇది నాకు తెలియనిది కాదు. తెలిసీ, గోడ బాగుందని సెల్ఫీ దిగాను చూడండి, అదీ నా బాధ.

ఆ ఫోమ్ మనిషికి ఫోన్ చేస్తే "ఇంకో లేయర్ కొడదాం అక్కా" అన్నాడు. అదైనా భరించేదాన్ని. అంకుల్ పనిచేసింది రైలు పెట్టెల వర్క్‌షాప్‌లో, అక్కడ సీట్ల ఫోమ్‌కి మంట పరీక్ష ఉంటుందట. ఆయన బిల్లు చూసి, "ఒక ముక్క కాల్చి చూడు" అన్నారు.

గురువారం పొద్దున బొటనవేలంత ముక్క కోసి డాబా మీదికి తీసుకెళ్లాను. అగ్గిపుల్ల గీసి అంచుకు తాకించాను. నా చేతిలో పుల్ల సగం కాలకముందే ముక్క మొత్తం అంటుకుంది. మండటమే కాదు, కరిగింది. నల్లటి పొగ, కింద పిట్టగోడ మీద మండుతూనే రాలిన బొట్లు. చెప్పుతో తొక్కితే చెప్పుకి అంటుకుంది. ఆ మచ్చ పిట్టగోడ మీద ఇప్పటికీ ఉంది, చూపిస్తాను రండి.

2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 'ద స్టేషన్' అనే చిన్న క్లబ్బులో స్టేజీ మీద కాల్చిన బాణసంచా వెనక గోడకున్న ఫోమ్‌కి తగిలింది. ఐదారు నిమిషాల్లో క్లబ్బంతా మంట. వేరే దారులున్నా, ఎక్కువమంది తాము లోపలికొచ్చిన తలుపు వైపే పరుగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు. వందమంది చనిపోయారు. 2013 జనవరిలో బ్రెజిల్‌లో 'కిస్' అనే క్లబ్బులో కూడా ఇదే కథ, మళ్లీ బాణసంచా, మళ్లీ ఫోమ్, 242 మంది. ఈ సంగతులు నాకు ముందే తెలుసు. ఎక్కడో అమెరికాలో, బ్రెజిల్‌లో జరిగినవిగా తెలుసు.

అయినా గురువారం పగలంతా నేను నిర్ణయం తీసుకోలేదు. దాచడం దేనికి, చెప్పేస్తాను. 118 టికెట్లు అమ్ముడయ్యాయి. విశాఖ నుంచి రావాల్సిన బ్యాండు పిల్లలు శుక్రవారం గోదావరి ఎక్కాలి. అడ్వాన్సు ఇచ్చేశాను, చేతిలో ఉన్నది అరవై వేలు. మన దగ్గర బాణసంచా లేదు కదా, సిగరెట్లు కిందే వదిలిపెట్టమందాం, మంటలార్పే సిలిండర్లు రెండు తెప్పిద్దాం, ఈ ఒక్క షో అయిపోనిద్దాం అని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగాను. ఈ మాట చాలామంది ఓనర్లు చెప్పుకుని ఉంటారు. సాయంత్రం చాయ్ స్టవ్ హాల్లో ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను. ఒక మూల బాగుంది. లైటర్ పట్టుకుని వంగితే నా తల ఫోమ్‌కి తగిలింది.

అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది పాత సెల్లార్. అన్నేళ్లూ దానికి ఒక్కటే మెట్లదారి. ఎనభైమంది లోపల, ఆ మెట్ల పక్కనే నా గ్యాస్ సిలిండర్. మనం అంతగా ప్రేమించిన గది మనల్ని ఏమీ చేయకుండా వదిలిపెట్టింది, అంతే. అందులో నా తెలివేం లేదు.

రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాను. విశాఖ పిల్లలకు మాట్లాడుకున్న డబ్బు మొత్తం పంపాను. తెల్లారి నేను, మెకానిక్ కుర్రాడు, అంకుల్ కలిసి ఫోమ్ అంతా పీకేశాం. జిగురు గోడకు అలాగే ఉండిపోయింది, పెద్ద మశూచి వచ్చినట్టుంది హాలు. ఆ మనిషికి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "గోడకు ఎవరైనా అగ్గి పెడతారా అక్కా?" మిగతా లక్షా ముప్పై ఐదు వేలు ఇవ్వనన్నాను. ఇచ్చిన లక్షన్నర వస్తుందని నాకు ఆశ లేదు, కానీ నెలకోసారి ఫోన్ మాత్రం చేస్తాను. నా మొండితనం మీకు తెలుసు.

ఇప్పుడు చేస్తున్నది: రాక్‌వూల్, రెండు పొరల జిప్సం బోర్డు, డ్రమ్స్ కింద రబ్బరు దిమ్మల మీద విడి ఫ్లోరు, వరసగా రెండు తలుపులు, వెనకవైపు ఇనుప మెట్లు. ఓనరుగారు మెట్లకు ఒప్పుకున్నారు. తేదీ మాత్రం చెప్పను, ఒకసారి చెప్పి చూశాను కదా. టికెట్ రెండొందలు కాస్తా రెండొందల యాభై అవుతుంది. చాయ్ ఇరవైకే.

చందాలు వేసుకుంటామని మీలో కొందరు అడిగారు. వద్దు. తెలిసినతను ఒకాయన గోడల ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు, బార్ లైసెన్స్ తెచ్చుకుని సగం హాలు తనకిస్తే. అదీ వద్దన్నాను. లివర్‌పూల్‌లో కావెర్న్ క్లబ్ కూడా సెల్లారే. 1961 నుంచి 63 దాకా బీటిల్స్ అక్కడ మూడొందల షోలకు కాస్త తక్కువగా వాయించారు, ఆ రోజుల్లో అక్కడ మందు అమ్మేవాళ్లు కాదు. ఈ మాట చెప్తే అతను నవ్వి, "మరి ఆ క్లబ్బు ఏమైంది?" అన్నాడు. 1973లో భూగర్భ రైలుమార్గానికి గాలి ఆడే గొట్టం కోసమని పూడ్చేశారు, 1984లో పాత ఇటుకలు చాలా వాడి మళ్లీ కట్టారు. ఆ రెండో ముక్క చెప్పేలోపే అతను లేచి వెళ్లిపోయాడు.

గోడలయ్యేదాకా ఆదివారాలు డాబా మీద కూర్చుందాం. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. మైకుల్లేవు, డ్రమ్స్ లేవు, టికెట్ లేదు. చాప ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. ఓనరుగారి తల్లిని కూడా పిలిచాను, ఆవిడ వస్తే ముందు వరస కుర్చీ ఆవిడది.

అన్నట్టు, కొత్త చోటికి కూడా పేరు సెల్లారే. రెండో అంతస్తులో సెల్లార్ ఏమిటని బోర్డు రాసే అతను ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. ఇంకో మాట, 2020 వానల్లో నా నీలం బకెట్ పట్టుకెళ్లినవాళ్లు ఎవరో గానీ, ఆదివారం వచ్చేటప్పుడు తెచ్చివ్వండి. జిగురు గీకిన గోడలు కడగాలి.