హంతకుడు లేని హత్య

సంపాదకులకు,

గత నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని కెన్నెవిక్ అస్థిపంజరం గురించి ‘తొమ్మిది వేల ఏళ్ల హత్యా రహస్యం’ అన్న శీర్షికతో వేసిన వ్యాసం చదివి, సవరణ వేస్తారేమోనని మూడు వారాలు ఎదురుచూసి, రాకపోవడంతో ఈ లేఖ రాస్తున్నాను. 1996 జులైలో పడవ పందేలు చూడబోయిన ఇద్దరు యువకులకు కొలంబియా నదిలో పుర్రె దొరకడం, పోలీసులు మొదట హత్యేమోనని అనుమానించడం, తుంటి ఎముకలో రాతి ఈటె మొన ఇరుక్కుని ఉండడం వాస్తవాలే. కానీ ఆ మొన చుట్టూ ఎముక మళ్లీ పెరిగిందనీ, అంటే గాయం మాని ఆ మనిషి ఆ తర్వాత చాలాకాలం బతికాడనీ పరీక్షించినవారే చెప్పారు. మరి హత్య మీ విలేకరికి ఎక్కడ దొరికిందో!

నేరమనదగినది ఏదైనా ఉంటే అది ఎముకలు దొరికాకే మొదలైంది. ఉమటిల్లా, యాకమా, నెజ్ పెర్స్, కోల్విల్, వనాపమ్ అనే ఆదివాసీ తెగలవారు ‘ఆయన మా పూర్వీకుడు, మట్టికి అప్పగించండి’ అని అడిగితే, పుర్రె వాటం ఆదివాసుల పుర్రెలకన్నా వేరుగా ఉందంటూ, ఎముకలను తమ పరీక్షకు ఇవ్వాలని ఎనిమిదిమంది శాస్త్రవేత్తలు కోర్టుకెక్కారు. 2004లో అప్పీలు కోర్టు కూడా ఆదివాసుల అవశేషాలను కాపాడే 1990 నాటి చట్టం ఈయనకు వర్తించదని తేల్చింది. తలల కొలతతో జాతిని తేల్చే ఈ విద్య మనకు కొత్తది కాదు, మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ దొర మన తాతల తలలూ ముక్కులూ కొలిచినవాడే. ఇక అక్కడి అధికారుల నిర్వాకం చూడండి: 1998లో సైనిక ఇంజనీర్ల విభాగం, గట్టు కోసుకుపోకుండానట, ఎముకలు దొరికిన చోటునే వందల టన్నుల రాళ్లతో కప్పేసింది, మధ్యలో మాయమైన తొడ ఎముకల ముక్కలు ఏళ్ల తర్వాత పోలీసులు సాక్ష్యాలు దాచే చోటనే బయటపడ్డాయి. ఇటువంటి భాగ్యం మన కచేరీలకే దక్కిందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

చివరికి 2015లో కోపెన్‌హేగన్ పరిశోధకులు, కోల్విల్ తెగవారు ఇచ్చిన నమూనాలతో కూడా పోల్చి, ఆయన అమెరికా ఆదివాసులకే దగ్గరివాడని డీఎన్‌ఏ ద్వారా నిర్ధారించారు. తెగల పెద్దలు మొదటినుంచీ చెబుతున్నదీ అదే. 2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేశాక, 2017 ఫిబ్రవరి 18న, రెండు వందల మందికి పైగా ఆదివాసుల సమక్షంలో, బయటివారికి చెప్పని చోట ఆయనను ఖననం చేశారు. ఈటె మొనకు అరపేజీ బొమ్మ కేటాయించిన మీరు ఈ ఇరవై ఏళ్ల పోరాటాన్ని ఒక్క వాక్యంలో ముగించారు. ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పుకు కూడా మర్నాడే సవరణ వచ్చేది.

కనీసం వచ్చే ఆదివారమైనా ‘హత్య’ అన్న మాటను ఉపసంహరించుకుని, ఆ తెగలవారు ఆయనను పిలుచుకునే ‘ప్రాచీనుడు’ అన్న పేరును ఒక్కసారైనా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

- విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, తెనాలి