బుగ్గ మీద ముద్ర

అందరికీ నమస్తే అండీ. పోయిన వారం నా దగ్గర పాత పుస్తకం కొన్న ఒక మేడం గారు పార్సిల్ విప్పి నాకు ఫోటో పెట్టారు. పాత డిటెక్టివ్ పాకెట్ నవల, అట్ట మీద పిస్తోలు పట్టుకున్న అమ్మాయి, సరిగ్గా ఆ అమ్మాయి బుగ్గ మీద వంకాయ రంగు ఇంకుతో గుండ్రంగా అద్దె లైబ్రరీ ముద్ర. మీరు పెట్టిన ఫోటోలో ఇది లేదే అన్నారు. నిజమే, లేదు. మా మేనల్లుడు ఫోన్లో చెరిపేశాడు, రంగులు కూడా కాస్త పెంచాడు, నేనేమో చూసి బాగుందిరా అన్నాను, కాబట్టి తప్పు వాడిది కాదు నాదే. డబ్బులు వెనక్కిచ్చేశా. అలాంటి ఫోటోలు చూసి కొన్నవాళ్లు ఇంకో 11 మంది ఉన్నారు, అందరికీ విడిగా మెసేజ్ పెట్టాను, నచ్చకపోతే పంపించేయండి, కొరియర్ ఖర్చు నాది.

ఇక నుంచి పొద్దుటి వెలుతురులో తీసిన ఫోటో తీసినట్టే పెడతా, ముందట్ట, వెనకట్ట, వెన్ను, అన్నీ.

అసలు ఆ ముద్రని తుడిచేయడమే పిచ్చిపని అండీ. అద్దె లైబ్రరీ వాళ్లు పుస్తకానికి పైన ఖాకీ కాగితం అట్ట వేసేవాళ్లు, వెలుతురు తగల్లేదు కాబట్టే కింద బొమ్మ ఇప్పటికీ ఎర్రగా పచ్చగా ఉంది, లోపలి న్యూస్‌ప్రింట్ మాత్రం అంచులు ముట్టుకుంటే రాలిపోతోంది. అమెరికాలో ఇలాంటి చెక్కగుజ్జు కాగితం పత్రికలకే పల్ప్ అని పేరొచ్చింది. ఇంకోటి, ఆ పిస్తోలు అమ్మాయి పెదాల ఎరుపు పెదాల మీద లేదు, కొంచెం పక్కకి జరిగి గడ్డం మీద పడింది. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు బ్లాకు, కాగితం వెంట్రుకవాసి కదిలినా అంతే. భూతద్దం పెట్టి చూస్తే అంతా చుక్కలే. నాకైతే అదే ముచ్చట.

వ.పా. గారి ముఖచిత్రాలు ఇంత రేటెందుకు అని చాలామంది అడుగుతున్నారు. వడ్డాది పాపయ్య గారు (1921–1992) యువ, చందమామ పత్రికలకి ఎన్ని బొమ్మలు వేశారో మీకు తెలుసు, అచ్చయిన కాపీలకి తక్కువేం లేదు, కానీ మన ఇళ్లల్లో ఏం చేసేవాళ్లు? సీరియల్ పేజీలు చింపి వరసగా పేర్చి బైండు చేయించుకునేవాళ్లు, మిగతాదంతా అట్టతో సహా పచారీ కొట్టుకి, పొట్లాలకి. మా అమ్మ చేయించినవి ఏడు బైండ్లు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ముఖచిత్రం లేదు! అందుకని చివర వ.పా. అన్న సంతకం చెక్కుచెదరకుండా ఉన్న అట్ట, పిన్నుల తుప్పు బొమ్మ దాకా పాకనిది దొరికితే నేనూ ఎక్కువే పెట్టి కొంటున్నా.

అట్ట ఒక్కటే చింపివ్వండి ఫ్రేమ్ కట్టించుకుంటాం అనేవాళ్లకి మాత్రం సారీ, ఇవ్వను. పెద్ద ప్రింటు తీసివ్వమన్నా ఇవ్వను, ఆ బొమ్మల హక్కు నాది కాదు కదా. ల్యామినేషన్ మాత్రం మీరు కూడా చేయించకండి, నేను రెండు చేయించి రెండూ పోగొట్టుకున్నా, ఆ వేడికి రంగు మారింది, ఇప్పుడు ఊడదీద్దామంటే బొమ్మే ఊడొస్తోంది.

అన్నట్టు పిస్తోలు అమ్మాయి నిన్న తిరిగొచ్చేసింది. ముద్రతో సహా 180 రూపాయలు, కావాల్సినవాళ్లు అడగండి.